కొత్త డిస్క్ కనబడకపోతే



పెండ్లిళ్ళ సీజను మొదలైందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఫొటో స్టూడియోలలో గల్లాపెట్టె కంటే ముందు నిండేది హార్డ్ డిస్క్. వీడియో కెమెరా ఫోర్‌కేలో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు చెరి ఎనిమిది గంటలు తిరిగాయనుకోండి, 720 జీబీ. అదీ ఒక్క ఇంటి పెండ్లికి. ముహూర్తాలు వరసగా పడిన వారంలో నాలుగు పెండ్లిళ్ళు ఒప్పుకున్న స్టూడియోకు 2 టీబీ డిస్క్ ఏ మూలకొస్తుంది?

అందుకని ఏటా కొత్తవి కొంటూనే ఉంటారు. కొందరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, కొందరు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి తెచ్చుకుంటారు. తెచ్చి తగిలిస్తే కంప్యూటర్ ఉలకదు, పలకదు. వెంటనే రిపేరు చేసేవాళ్ళకు ఫోన్ వస్తుంది: "సార్, డిటెక్ట్ ఐతలేదు. డెడ్ పీస్ అంటగట్టిండు." ఆ కోపంలోనే డిస్క్‌ను డబ్బాలో పెట్టుకుని మళ్ళీ హైదరాబాద్ బయల్దేరతారు. గద్వాలవాళ్ళకు రైలుంది. వనపర్తివాళ్ళకు పేరుకు వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నా అది ఊరికి దూరం. నాగర్‌కర్నూల్‌కు ఆ భాగ్యమూ లేదు, బస్సే దిక్కు. ఒక రోజు పని పోతుంది, చార్జీలు పోతాయి. తీరా దుకాణంలో వాడు తన కంప్యూటర్‌కు పెట్టి నిమిషంలో చూపించి, "బాగానే ఉంది కదన్నా" అంటాడు. ఇలా తిరిగి వెళ్ళే డిస్క్‌లలో నిజంగా చచ్చినవి తక్కువ. కంప్యూటర్ చూపు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో కనిపెడితే చాలావరకు ఇంట్లోనే పని అయిపోతుంది. ఈవేళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

మొదట కరెంటు. ఇది మరీ చిన్న విషయమని అందరూ దాటేస్తారు గానీ, సగం గొడవ ఇక్కడే. గద్వాల కుర్రాడొకడు నాకు ఫోన్ చేసినప్పుడు మా మాటలు ఇలా నడిచాయి.

"బయట పెట్టేదా, లోపల బిగించేదా?"

"బయటదే సార్. రెండు టీబీ."

"లైటు వెలుగుతుందా?"

"ఎలుగుతుంది. లోపల తిరుగుతున్నట్టే ఉంటది, మల్ల ఆగుతది. మల్ల తిరుగుతది."

"ఎక్కడ పెట్టినవ్?"

"సీపీయూ ముందట సార్."

"అక్కడ తీసి వెనుక పెట్టు. నీలం రంగు పోర్ట్ ఉంటే దాంట్లో."

అంతే, డిస్క్ వచ్చేసింది. అరచేతిలో పట్టే రెండున్నర అంగుళాల డిస్క్‌కు వేరే అడాప్టర్ ఉండదు. అది తాగే కరెంటంతా యూఎస్‌బీ వైరులోంచే రావాలి. తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో దానికి దాదాపు ఒక ఆంపియర్ దాకా కావాలి. పాత యూఎస్‌బీ 2 పోర్ట్ ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, నీలం రంగుండే యూఎస్‌బీ 3 పోర్ట్ ఇవ్వాల్సింది 900. క్యాబినెట్ ముందున్న పోర్ట్‌లకు లోపల సన్నటి వైరు మదర్‌బోర్డు నుంచి లాగి ఉంటుంది, దారిలోనే కొంత వోల్టేజీ కరిగిపోతుంది. దానికి తోడు బయట ఇంకో ఎక్స్‌టెన్షన్ వైరు, దాని చివర నాలుగు నోళ్ళ హబ్బు! డిస్క్ లేవబోతుంది, బలం చాలక కూలబడుతుంది. లేచి పడే ఆ చప్పుడు చెవికి వినబడుతుంది కూడా. హబ్బులు, ఎక్స్‌టెన్షన్లు పక్కన పెట్టి, డిస్క్‌తో పాటు వచ్చిన పొట్టి వైరుతోనే వెనుక పోర్ట్‌లో పెట్టి చూడండి. ఫోన్ చార్జింగు వైర్లలో కొన్ని కరెంటు మాత్రమే మోస్తాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. అలాంటి వైరు తగిలిస్తే లైటు చక్కగా వెలుగుతుంది, డిస్క్ మాత్రం కనబడదు. పెద్ద మూడున్నర అంగుళాల డిస్క్ అయితే దాని అడాప్టర్ దానికి ఉండాల్సిందే, అది 12 వోల్టులు అడుగుతుంది.

లోపల బిగించే డిస్క్‌కు రెండు వైర్లు. మదర్‌బోర్డు నుంచి వచ్చే సన్నటి సాటా డేటా కేబుల్ ఒకటి, కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ డబ్బా నుంచి వచ్చే వెడల్పాటి పవర్ వైరు ఒకటి. కంప్యూటర్ ఆపి, స్విచ్ బోర్డు దగ్గర ప్లగ్గు తీసి, రెండింటినీ ఊడదీసి మళ్ళీ గట్టిగా గుచ్చండి. గుచ్చేముందు క్యాబినెట్ ఇనుము మీద ఒకసారి చెయ్యి పెట్టండి, ఒంట్లో స్టాటిక్ కరెంటు ఉంటే అందులోకి పోతుంది. తర్వాత డేటా కేబుల్ మార్చి చూడండి, పాత డిస్క్ పనిచేస్తున్న పోర్ట్‌లోనే కొత్తదాన్ని పెట్టి చూడండి. పాతది కనబడిన చోట కొత్తది కనబడకపోతేనే డిస్క్‌ను అనుమానించాలి. ఇంకో చిక్కు. పెద్ద సామర్థ్యం ఉన్న కొన్ని కొత్త డిస్క్‌లలో పవర్ డిసేబుల్ అనే ఏర్పాటు ఉంటుంది. పవర్ వైరులో మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే ఆ డిస్క్ తిరగకుండా ఆగిపోతుంది. పాత ఎస్ఎంపీఎస్‌లు ఆ పిన్నుకు కరెంటు ఇస్తూనే ఉంటాయి, డిస్క్ చచ్చినట్టు పడి ఉంటుంది. మోలెక్స్ అనే పాత రకం పవర్ వైరు నుంచి సాటాకు మార్చే వైరు పెడితే ఆ 3.3 వోల్టులు రావు కాబట్టి లేస్తుంది. ఆ వైరు మాత్రం అగ్గువకు దొరుకుతుంది కదా అని ఏదో ఒకటి కొనకండి. ప్లాస్టిక్ పోతపోసిన చవక రకాలలో లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోవడం ఈ పనివాళ్ళందరూ ఎరిగినదే.

చూయింగ్ గమ్ పట్టీ ఆకారంలో వస్తున్న ఎం.2 ఎస్ఎస్‌డీల సంగతి వేరు. వీటిలో రెండు రకాలు, చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి సాటా పద్ధతిలో, ఒకటి ఎన్‌వీఎంఈ పద్ధతిలో మాట్లాడుతుంది. మీ మదర్‌బోర్డు స్లాట్‌కు ఒక్క పద్ధతే తెలిస్తే రెండోది దానికి రాయిరప్పతో సమానం. ఇంకొన్ని బోర్డులలో ఎం.2 స్లాట్ నిండగానే ఒకటో రెండో సాటా పోర్ట్‌లు మూసుకుపోతాయి. అప్పుడు కొత్తది వచ్చి పాత డిస్క్ మాయమవుతుంది. మదర్‌బోర్డు పుస్తకంలో ఈ ముక్క రాసే ఉంటుంది. ఆ పుస్తకాన్ని డబ్బాలోంచి తీసి చదివినవాళ్ళు నాకు ఇంకా తారసపడలేదు.

కరెంటు, వైర్లు సరే. తర్వాత బయాస్‌లోకి వెళ్ళాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ మీటో, ఎఫ్2 మీటో, కంపెనీని బట్టి, వరసగా నొక్కితే అది తెరుచుకుంటుంది. అందులో స్టోరేజ్ జాబితా ఉంటుంది. లోపల బిగించిన డిస్క్ మోడల్ నంబరు, సైజు అక్కడ కనబడితే డిస్క్ బతికే ఉంది. దుకాణంవాణ్ణి తిట్టడం అక్కడితో ఆపేయొచ్చు. ఇక చిక్కంతా విండోస్‌కు, డిస్క్‌కు మధ్యనే. అక్కడ కూడా లేకపోతే మళ్ళీ వైర్ల దగ్గరికే పోవాలి, విండోస్‌లో ఎంత వెతికినా లాభం లేదు. చాలామంది ఈ గీత గమనించక, బయాస్‌కే కనబడని డిస్క్ కోసం విండోస్‌లో డ్రైవర్లు డౌన్‌లోడ్ చేస్తూ రాత్రంతా కూర్చుంటారు.

ఇప్పుడు బయాస్‌లో ఉంది, విండోస్‌లో దిస్ పీసీ తెరిస్తే మాత్రం లేదు అనుకుందాం. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి మీట నొక్కితే ఒక జాబితా వస్తుంది, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. అది తెరిస్తే కింది భాగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని పట్టీలు కనబడతాయి. కొత్త డిస్క్ పక్కన నాట్ ఇనిషియలైజ్డ్ అని రాసి, పట్టీ మీద నల్ల గీత ఉండి, అనలొకేటెడ్ అని ఉంటుంది. చూసినవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. నిజానికి లోపల బిగించే కొత్త డిస్క్ అలాగే ఉండాలి. బయట తగిలించేవి కంపెనీలోనే తయారుచేసి పంపుతారు కాబట్టి పెట్టగానే తెరుచుకుంటాయి. లోపలివి ఖాళీగా వస్తాయి.

మన ఊరి శివార్లలో వెంచర్ వేసేముందు ఏం చేస్తారు? ముందు సర్వే చేసి రికార్డు తెరుస్తారు, తర్వాత హద్దురాళ్ళు పాతి ప్లాట్లు విడగొడతారు, ఆపైన నంబర్లు వేస్తారు. డిస్క్‌కూ అదే వరస. ఇనిషియలైజ్ అంటే రికార్డు తెరవడం, పార్టిషన్ అంటే ప్లాట్లు, డీ, ఈ, ఎఫ్ అనే అక్షరాలు ఇంటి నంబర్లు. ఇవేవీ లేని భూమిని విండోస్ కళ్ళతో చూస్తున్నా, అక్కడ ఇల్లుందని మీకు చెప్పదు.

ఆ రికార్డు రెండు రకాలు, ఎంబీఆర్, జీపీటీ. ఇనిషియలైజ్ చేసేటప్పుడు ఏది కావాలని విండోస్ అడుగుతుంది. ఎంబీఆర్ 1983 నాటిది. ఐబీఎం కంపెనీ పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటర్ తెచ్చిన ఏడాది. దాని హార్డ్ డిస్క్ మొత్తం 10 మెగాబైట్లు, ఇవాళ ఫోన్‌లో తీసే రెండు మూడు ఫొటోలంత. అప్పట్లో ఆ పద్ధతి రాసినవాళ్ళు సెక్టార్ల లెక్కకు నాలుగు బైట్ల గడి కేటాయించారు. నాలుగు బైట్లలో పట్టే అతి పెద్ద అంకె 429 కోట్ల పైచిలుకు. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. గుణిస్తే 2.2 లక్షల కోట్ల బైట్లు, అంటే రెండు టీబీ దగ్గర లెక్క అయిపోతుంది. 4 టీబీ డిస్క్ కొని ఎంబీఆర్ ఎంచుకుంటే సగం భూమి పోరంబోకు కింద పడి ఉంటుంది. స్టూడియోవాళ్ళు "నాలుగు అని అమ్మి రెండే ఇచ్చిండు" అని కొట్లాడేది ఇక్కడే. జీపీటీ ఎంచుకోండి. దానికి ఆ హద్దు లేదు, పైగా రికార్డు రెండో ప్రతిని డిస్క్ చివరన దాచుకుంటుంది. పాత విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తున్న కంప్యూటర్ ఏదైనా ఉంటే దానికి మాత్రం జీపీటీ అర్థం కాదు.

ఇనిషియలైజ్ అయ్యాక ఆ నల్ల గీత మీద కుడి మీట నొక్కి న్యూ సింపుల్ వాల్యూమ్ అంటే మిగతాదంతా అడుగుతూ పోతుంది. విండోస్‌లోనే వాడితే ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్‌కు కూడా తగిలించే డిస్క్ అయితే ఎగ్జ్‌ఫ్యాట్. ఒక్కోసారి అన్నీ సరిగానే ఉండి అక్షరం ఒక్కటే లేక డిస్క్ కనబడదు. పట్టీ మీద కుడి మీట నొక్కి ఛేంజ్ డ్రైవ్ లెటర్ దగ్గర ఒక అక్షరం ఇస్తే సరి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇంతసేపూ చెప్పింది కొత్త డిస్క్ గురించి. అదే నాట్ ఇనిషియలైజ్డ్ మాట, లేదా "ఫార్మాట్ చేయాలి, చేయనా?" అనే ప్రశ్న, మొన్నటిదాకా వాడిన డిస్క్ మీద వస్తే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు రికార్డు చెరిగిపోయిందనో, కేబుల్ చెడిందనో, డిస్క్ చావుకు దగ్గర పడిందనో లెక్క. లోపల పోయినేడాది పెండ్లిళ్ళన్నీ ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం కొత్తకూ పాతకూ తేడా తెలియదు, రెండింటికీ అదే మాట, అదే మర్యాదతో అడుగుతుంది. ఎస్ నొక్కితే పని కానిస్తుంది. క్విక్ ఫార్మాట్ చేస్తే తిరిగే డిస్క్‌లో సమాచారం చాలావరకు అడుగున ఉండిపోతుంది, రికవరీ చేసేవాళ్ళు తీయగలరు. ఎస్ఎస్‌డీలో అయితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల అదీ అనుమానమే. క్విక్ దగ్గర టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ పెట్టారో, విండోస్ విస్టా కాలం నుంచి అది డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది. ఇక ఏ రికవరీవాడూ ఏమీ చేయలేడు. అందుకని పాత డిస్క్, కొత్త డిస్క్ రెండూ తగిలి ఉన్నప్పుడు సైజు, మోడల్ నంబరు ఒకటికి రెండుసార్లు చదివి మీట నొక్కండి. ఇంకా మేలు, కొత్తదాన్ని తయారుచేసే ఆ పది నిమిషాలు పాతదాని వైరు పీకి పక్కన పెట్టండి.

సీసీ కెమెరాల దగ్గర ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం గుంపుగా వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 30 రోజులు దాచాలని చెప్పింది. ఎనిమిది కెమెరాలు ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన రాస్తే కెమెరాకు రోజుకు దాదాపు 22 జీబీ, ఎనిమిదింటికి 173 జీబీ, నెలకు 5 టీబీ దాటుతుంది. కెమెరాల వీడియో రాసుకునే పెట్టె, డీవీఆర్, కొన్నప్పుడు వేసిన 1 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. అందుకే పెద్దది కొని వేస్తారు. వేయగానే డీవీఆర్ తెర మీద కూడా అన్‌ఇనిషియలైజ్డ్ అనే వస్తుంది. మెనూలో హెచ్‌డీడీ అనే చోటికి వెళ్ళి, డిస్క్ ఎంచుకుని, ఇనిషియలైజ్ చేస్తే అప్పటినుంచి రికార్డింగు మొదలు. వేసి మూతపెట్టి వెళ్ళిపోతే రికార్డే కాదు. దొంగతనం జరిగినరోజే ఆ సంగతి బయటపడుతుంది. పాత డీవీఆర్‌లు ఎన్ని టీబీల దాకా తీసుకుంటాయో దాని పుస్తకంలో చూసుకుని కొనండి, 4 టీబీ దాటితే కళ్ళు తేలేసేవీ ఉన్నాయి.

దొంగతనం జరిగాక ఇంకో తప్పు చేస్తారు. వీడియో తీసుకుందామని డీవీఆర్ మూత విప్పి, డిస్క్ ఊడదీసి కంప్యూటర్‌కు తగిలిస్తారు. చాలా డీవీఆర్‌లు డిస్క్‌ను తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి, అది విండోస్‌కు అర్థం కాదు. దానికి తెలిసిన మాట ఒక్కటే: ఇనిషియలైజ్ చేయాలి, లేదంటే ఫార్మాట్ చేయాలి. ఎస్ అన్నారా, పోలీసులకు ఇవ్వాల్సిన సాక్ష్యం మీ చేత్తో మీరే చెరిపినట్టు. డిస్క్‌ను డీవీఆర్‌లోనే ఉంచి, పెన్ డ్రైవ్ పెట్టి, బ్యాకప్ మెనూ ద్వారా కావలసిన గంట మాత్రం తీసుకోండి.

ల్యాప్‌టాప్‌లో కొత్త ఎస్ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కిద్దామంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవ్‌లే కనబడటం లేదనే ఫిర్యాదు కూడా ఈ మధ్య ఎక్కువైంది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు డిస్క్‌కు, విండోస్‌కు మధ్య అడ్డంగా ఉంటుంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్ డ్రైవ్‌లో వేసుకుని, ఆ తెర మీదే లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ కనబడుతుంది. బయాస్‌లో వీఎండీ ఆపేయమని సలహా చెప్పేవాళ్ళుంటారు. పాత విండోస్ అప్పటికే ఉన్న ల్యాప్‌టాప్‌లో అలా చేస్తే అది తెరుచుకోవడం మానేయొచ్చు, జాగ్రత్త.

డిస్క్ వచ్చాక కూడా ఒక తగువు మిగులుతుంది: "ఒక టీబీ అన్నడు, 931 జీబీనే చూపిస్తుంది." అమ్మేవాడు లక్ష కోట్ల బైట్లను ఒక టీబీ అంటాడు, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది. రెండూ ఒకటే, ఇందులో మోసం లేదు. మోసం వేరేచోట ఉంది. 16 టీబీ ఎస్ఎస్‌డీ వెయ్యి, రెండు వేలకే అని ప్రకటనలు వస్తున్నాయి. విప్పి చూస్తే లోపల ఒక చిన్న మెమరీ కార్డు, దానికి 16 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చిన చిప్పు. కంప్యూటర్ దాన్ని భేషుగ్గా గుర్తుపడుతుంది! మొదటి కొన్ని జీబీలు ఎక్కుతాయి, ఆ తర్వాత రాసినదంతా గాలికి పోతుంది. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ నిండా రాసి, తిరిగి చదివి లెక్క తేలుస్తుంది. ఖాళీగా ఉన్న కొత్త డిస్క్‌ను ఒక రాత్రి దానికి అప్పజెప్పి, ఆ తర్వాతే పెండ్లి వీడియోలు ఎక్కించండి.

ఇవన్నీ చేశాక కూడా కనబడని డిస్క్‌లు ఉంటాయి. కేబుల్ మార్చారు, పోర్ట్ మార్చారు, పక్క స్టూడియోలో ఇంకో కంప్యూటర్‌కు పెట్టారు, అక్కడా బయాస్‌లో లేదు. లేదా చెవి దగ్గర పెట్టుకుంటే టక్, టక్ అని ఒకే కొలతలో కొట్టుకుంటోంది. అది లోపలి రీడింగ్ చేయి దారి దొరకక కొట్టుకునే చప్పుడు, ఏ సెట్టింగుకూ లొంగదు. ఇప్పుడు హైదరాబాద్ వెళ్ళండి. వెళ్ళేముందు డిస్క్ మీది సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు సరిపోయాయో చూసుకోండి, కంపెనీ వారంటీ పేజీలో ఆ నంబరు కొట్టి గడువు ఎప్పటిదాకా ఉందో రాసుకోండి. డిస్క్‌ను అది వచ్చిన స్టాటిక్ కవర్లోనే పెట్టి, చుట్టూ మెత్తగా కాగితమో గుడ్డో చుట్టండి. బస్సులో వెనుక డిక్కీలో వేయకుండా ఒళ్ళో పెట్టుకోండి. దుకాణంలో "డిటెక్ట్ ఐతలేదు" అని ఊరుకోకుండా, "రెండు కంప్యూటర్లలో, రెండు కేబుళ్ళతో చూసినం, బయాస్‌లోనే రాలేదు" అని చెప్పండి. ఆ మాట విన్నాక కౌంటర్ దగ్గర వాదన పెట్టుకునేవాళ్ళు తక్కువ. రీప్లేస్‌మెంట్ చీటీ రాసేస్తారు.